కౌమారపు కలత, తెరమీది దెయ్యం: టీనేజ్ అతీంద్రియ చిత్రాల బలాబలాలు

పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వయసు పాత్రలను కథకు కేంద్రంగా నిలిపి, హేతువుకు లొంగని శక్తి ఒకదాన్ని వారి జీవితాల్లోకి ప్రవేశపెట్టి, భయాన్ని ప్రధాన భావంగా నడిపే సినిమాను టీనేజ్ అతీంద్రియ భయానక చిత్రం అంటారు. భరతుడి నాట్యశాస్త్రం భయానక రసానికి భయాన్నీ, బీభత్స రసానికి జుగుప్సనూ స్థాయీభావాలుగా, అంటే రసానికి మూలంగా మనసులో నిలిచి ఉండే భావాలుగా వేరుచేసి చెప్పింది. ఈ విభజన ఆధునిక సినిమాను తూచడానికి కూడా పనికివస్తుంది. ఈ చిత్రాలు బలంగా ఉన్నప్పుడు భయం ఆ వయసు పిల్లల శరీరంలో, ఇంట్లో, బడిలో అప్పటికే ఉన్న కలతలోంచి పుడుతుంది. బలహీనపడినప్పుడు ఆ కలతతో సంబంధం తెగిపోయి, చావుల వరుసగా, వట్టి జుగుప్సగా మిగులుతుంది. అరవై ఐదేళ్లు దాటిన ఈ ప్రక్రియ చరిత్రను ఈ రెండు ధోరణుల పెనుగులాటగా చదవవచ్చు.

ఈ ప్రక్రియ పుట్టుకకు కళ కంటే ముందు వ్యాపారం కారణమైంది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పెద్ద స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవలసి రావడం, ఆ తరువాత టెలివిజన్ పెద్దలను ఇళ్లలోనే కూర్చోబెట్టడం వల్ల, కార్లలోంచి దిగకుండా ఆరుబయట తెరమీద సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లకు యువతే ముఖ్య ప్రేక్షకవర్గమైంది. వారి కోసం తక్కువ ఖర్చుతో చిత్రాలు తీసిన అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ సంస్థ 1957లో జీన్ ఫౌలర్ జూనియర్ దర్శకత్వంలో 'ఐ వాజ్ ఎ టీనేజ్ వేర్‌వుల్ఫ్'ను విడుదల చేసింది. ముక్కోపి అయిన హైస్కూలు విద్యార్థి టోనీ తన కోపాన్ని అదుపు చేసుకోవడానికి ఒక మానసిక వైద్యుడిని ఆశ్రయిస్తే, అతడు మందుతో, హిప్నాటిజంతో ఆ కుర్రవాణ్ణి నరతోడేలుగా మారుస్తాడు. ఇక్కడ అతీంద్రియ శక్తి స్థానంలో విజ్ఞానశాస్త్రం నిలిచినా, బాగుచేస్తామన్న పెద్దలే పిల్లవాణ్ణి మృగంగా మార్చారన్న ఊహ తరువాతి చిత్రాలన్నిటికీ పునాది వేసింది. అయితే టోనీ మనోవేదన దగ్గర ఎక్కువ సేపు నిలిచే ఓపిక ఆ సినిమాకు లేకపోవడంతో, చివరి భాగం మామూలు పోలీసుల వేటగా ముగిసింది.

1968లో పాత సెన్సారు నియమావళి స్థానంలో వయసును బట్టి సినిమాలను వర్గీకరించే రేటింగ్ పద్ధతి రావడంతో, శరీరం గురించీ మతం గురించీ అంతవరకు తెరమీద చెప్పలేని విషయాలు చెప్పే వీలు కలిగింది. 1973లో విలియం ఫ్రైడ్‌కిన్ తీసిన 'ది ఎగ్జార్సిస్ట్'లో దెయ్యం పట్టింది పన్నెండేళ్ల బాలికకే అయినా, కథ బరువంతా ఆమె తల్లి మీద, ఇద్దరు మతగురువుల మీద ఉండగా, 1976లో బ్రయన్ డి పాల్మా తీసిన 'క్యారీ' మాత్రం ఆ బరువును నేరుగా బాలిక మీదికి మార్చింది. స్టీఫెన్ కింగ్ 1974లో ప్రచురించిన తొలి నవల దీనికి ఆధారం. మతోన్మాదంతో తల్లి ఏమీ చెప్పకుండా పెంచిన క్యారీ, బడి స్నానాల గదిలో తొలి రజస్రావం చూసుకుని చచ్చిపోతున్నానని బెదిరిపోతే తోటి విద్యార్థినులు ఎగతాళి చేస్తారు. మనోబలంతోనే వస్తువులను కదిలించే శక్తి ఆ అవమానంతోపాటే ఆమెలో మేలుకుంటుంది. సుమారు 18 లక్షల డాలర్లతో తీసిన ఈ చిత్రం అమెరికాలోనే 3 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేయడమే కాక, తల్లీకూతుళ్లుగా నటించిన పైపర్ లారీ, సిసీ స్పేసెక్ ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు తెచ్చింది. బాధితురాలే సంహారిణిగా మారినప్పుడు, ఆమె మీద జాలి చూపిన ఉపాధ్యాయురాలు కూడా బలి కావడం ప్రేక్షకుడి సానుభూతిని కఠినమైన పరీక్షకు గురిచేస్తుంది. ఇంత బలమున్న చిత్రంలోనూ తొలి దృశ్యంలో కెమెరా ఆడపిల్లల దేహాల మీద కోరికతో తచ్చాడడం పెద్ద లోపం. సమాధిలోంచి హఠాత్తుగా చేయి పైకి వచ్చే చివరి ఉలికిపాటు ఇక్కడ క్యారీ తోటి విద్యార్థిని అపరాధ భావానికి రూపమైనా, అనుకరించిన వారి చేతుల్లో అర్థం పోయి అలవాటుగా మిగిలింది.

ఈ ప్రక్రియకు రెండో శిఖరం వెస్ క్రేవెన్ 1984లో తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'. ఆగ్నేయాసియా నుంచి అమెరికాకు చేరిన కొందరు శరణార్థులు నిద్రలోనే అకారణంగా చనిపోయారన్న పత్రికా వార్తలు క్రేవెన్‌కు బీజంగా పనిచేశాయి. పిల్లలను చంపిన ఫ్రెడ్డీ క్రూగర్ చట్టం నుంచి తప్పించుకుంటే, ఆ వీధి తల్లిదండ్రులు అతన్ని సజీవంగా తగలబెట్టి విషయం దాచేస్తారు. ఏళ్ల తరువాత అతడు వారి పిల్లల కలల్లోకి వచ్చి చంపుతాడు. పెద్దల పాపం పిల్లలకు చుట్టుకోవడమన్న ప్రాచీన భావన ఇక్కడ నిద్ర అనే తప్పించుకోలేని శరీర ధర్మంతో ముడిపడింది. కథానాయిక నాన్సీ తల్లి నిజం చెప్పడానికి బదులు కిటికీలకు ఇనుప చువ్వలు బిగించడం, ఆ రక్షణే కూతురికి బోనుగా మారడం ఈ చిత్రంలోని అత్యంత బలమైన ఊహ. నాన్సీ గెలుపుతో కథను ముగించాలని క్రేవెన్ భావించినా, తరువాతి భాగాలకు దారి ఉంచాలని నిర్మాత రాబర్ట్ షే పట్టుబట్టడంతో ముగింపు అస్పష్టంగా తయారైంది.

ఆ రాజీ ఫలితం తరువాతి దశాబ్దమంతా కనిపించింది. మానసిక చికిత్సాలయంలో చేరిన పిల్లల గాయాలను పెద్దలు ఆత్మహత్యాయత్నాలుగా కొట్టిపారేసే 1987 నాటి మూడో భాగంలో మూలకథ ప్రాణం కొంత నిలిచినా, మిగిలిన భాగాల్లో ఫ్రెడ్డీ చమత్కారాలు పలికే కథానాయకుడిగా, పిల్లలు పేర్లు కూడా గుర్తుండని బలిపశువులుగా మారారు. స్లాషర్ అనే ఉపప్రక్రియ, అంటే ముసుగు హంతకుడు యువతను ఒక్కొక్కరిగా నరికే చిత్రాల ఒరవడి, ఇందుకు తోడైంది. ఆ చిత్రాల్లో చివరిదాకా బతికి హంతకుణ్ణి ఎదిరించే అమ్మాయి పాత్రను విశ్లేషించిన క్యారల్ క్లోవర్ గ్రంథం 1992లో వెలువడింది. ఆ అమ్మాయి తెలివీ సంయమమూ గౌరవించదగినవే అయినా, తక్కిన అమ్మాయిల ప్రణయం మరణశిక్షకు తగిన నేరంగా కనిపించడం ఈ ఒరవడిలోని నైతిక బలహీనత.

1996లో ఆండ్రూ ఫ్లెమింగ్ తీసిన 'ది క్రాఫ్ట్'లో మంత్రవిద్య నేర్చుకునే నలుగురు విద్యార్థినులకూ నాలుగు వేర్వేరు గాయాలున్నాయి. ఒకరిది వర్ణవివక్ష, ఒకరిది కాలిన మచ్చల సిగ్గు, ఒకరిది పేదరికం, ఒకరిది గతంలోని ఆత్మహత్యాయత్నం. ఇంత చక్కని నిర్మాణం చేసుకున్న చిత్రం చివరికి అందరికంటే పేద అయిన నాన్సీని పిచ్చాసుపత్రిలో కట్టిపడేసి, కలవారి పిల్లకు శక్తిని మిగిల్చి, తాను లేవనెత్తిన ప్రశ్న నుంచి తానే తప్పుకుంది. 2000లో కెనడాలో జాన్ ఫాసెట్ తీసిన 'జింజర్ స్నాప్స్' అలా తప్పుకోలేదు. తొలి రజస్రావం నాటి రాత్రే తోడేలు కాటుకు గురైన అక్కలో వస్తున్న మార్పులన్నీ ఆ వయసుకు సహజమేనని బడి నర్సు తేలికగా చెప్పే దృశ్యం, పెద్దల మాటకూ పిల్లల అనుభవానికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక్కసారిగా కళ్లకు కడుతుంది. అదే ఏడాది వచ్చిన 'ఫైనల్ డెస్టినేషన్' హంతకుణ్ణే తీసేసి మృత్యువును రూపంలేని శక్తిగా నిలపడం సాహసమే కానీ, తరువాతి భాగాల్లో ఆ తాత్త్విక భయం విచిత్ర ప్రమాదాల ప్రదర్శనగా కుదించుకుపోయింది.

కొరియాలో 1998లో మొదలైన 'విస్పరింగ్ కారిడార్స్' వరుస బడినే భయానికి కేంద్రం చేసింది. మార్కులతో పోల్చి అవమానించే ఉపాధ్యాయుల మధ్య, చనిపోయిన విద్యార్థిని ఏళ్ల తరబడి తరగతిలో కూర్చుంటున్నా ఎవరూ గుర్తించకపోవడం ఆ కథలోని గుండెకోత. పోటీ పరీక్షల ఒత్తిడి బాగా తెలిసిన తెలుగు సమాజంలో ఇలాంటి కథ ఇంకా బలంగా వేళ్లూనుకోలేదు. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి'లో రేవతి పోషించిన కాలేజీ విద్యార్థినికి దెయ్యం పడుతుంది. 2022లో సాయికిరణ్ దర్శకత్వంలో వచ్చిన 'మసూద'లో టీనేజీ బాలిక నాజియాకు దెయ్యం పడితే, ఆమెను కాపాడే బాధ్యత తల్లి నీలం మీద, పక్కింటి యువకుడు గోపి మీద పడుతుంది. కదలాడే కెమెరాతో, శబ్దంతో మొదటి చిత్రం, తల్లి నిస్సహాయతతో రెండోది గట్టి భయాన్ని సాధించాయి. అయితే రెండింటిలోనూ దెయ్యం పట్టిన అమ్మాయి ఆత్మ ఆవహించే శరీరంగానే మిగిలింది తప్ప, ఆమె సొంత మనసు కథకు కారణం కాలేదు.

అమెరికాలో 1984లో ప్రవేశపెట్టిన పీజీ-13 రేటింగ్, అంటే పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులను హెచ్చరిస్తూనే అందరినీ అనుమతించే వర్గం, జపాన్ చిత్రానికి పునర్నిర్మాణమైన 2002 నాటి 'ది రింగ్' విజయంతో భయానక చిత్రాలకు లాభసాటి మార్గమైంది. ఆ మార్గంలోనే వచ్చిన 2014 నాటి 'విజా' చిత్రం, ఆత్మలతో మాట్లాడిస్తుందని పేరున్న ఆటపలకను ఆధారం చేసుకుని, 50 లక్షల డాలర్ల ఖర్చుకు 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టినా, పాత్రలకు ప్రాణం లేక విమర్శకుల తిరస్కరణకు గురైంది. అదే పలకతో 1967 నాటి ఒక కుటుంబ దుఃఖాన్ని అల్లి మైక్ ఫ్లానగన్ 2016లో తీసిన పూర్వకథ మెప్పు పొందడాన్ని బట్టి, లోపం రేటింగ్‌లోనో వస్తువులోనో లేదని తేలుతుంది. 2014లోనే కాన్ ఉత్సవంలో తొలిసారి ప్రదర్శించిన 'ఇట్ ఫాలోస్'లో లైంగిక కలయిక ద్వారా ఒకరి నుంచి మరొకరికి సోకే శాపం నెమ్మదిగా నడుచుకుంటూ వెంబడిస్తుంది. డెట్రాయిట్ శిథిల వీధుల్లో ఆ నడక కలిగించే భయం గాఢమైనదే అయినా, ఈతకొలను దగ్గరి పతాక సన్నివేశం తాను విధించుకున్న నియమాలతోనే పొసగక తేలిపోయింది.

ఆస్ట్రేలియాకు చెందిన ఫిలిప్పౌ సోదరులు 2022లో ప్రదర్శించిన 'టాక్ టు మీ' ఈ అనుభవాలన్నిటి నుంచీ లాభపడింది. ఒక చేతి బొమ్మను పట్టుకుని పూనకం తెచ్చుకుంటే 90 సెకన్ల లోపు వదిలేయాలన్న నియమాన్ని పిల్లలు ఫోన్లలో చిత్రీకరించుకునే వినోదంగా మార్చుకున్నా, తల్లిని కోల్పోయిన మియాకు అది దుఃఖానికి మందుగా తోస్తుంది. ఆ తప్పుడు ఓదార్పు కోసమే ఆమె నియమాన్ని మీరుతుంది. పాత్ర అవసరంలోంచి నియమం ఉల్లంఘనకు గురైనప్పుడే భయం విషాదపు ఎత్తును అందుకుంటుందని ఈ చిత్రం నిరూపించింది. ఈ ప్రక్రియను పిల్లల కాలక్షేపంగా చిన్నచూపు చూసే విమర్శ, పిల్లలు పెద్దలకు చెప్పుకోలేని అవమానాన్నీ, దుఃఖాన్నీ, శరీర భయాన్నీ ఇంత సూటిగా పలికిన ప్రక్రియలు సినిమాలో చాలా అరుదన్న సంగతిని విస్మరిస్తుంది. కాబట్టి ఇటువంటి ఏ చిత్రాన్నైనా అది ఎన్నిసార్లు ఉలిక్కిపడేలా చేసిందన్న లెక్కతో కాక, అందులోని దెయ్యాన్ని తీసేసినా ఆ బాలిక లేదా బాలుడి బాధ నిజంగా నిలుస్తుందా అన్న ప్రశ్నతో తూచాలి. ఆ ప్రశ్నకు నిలబడిన చిత్రాలే తరాలు మారినా కొత్త ప్రేక్షకులను సంపాదించుకుంటున్నాయి.