నలభై నిమిషాలు

నాలుగేళ్ల క్రితం హన్మకొండలో మా పెద్దబాపు పొద్దున్నే టీ తాగుతూ కుర్చీలోంచి ఒరిగిపోయాడు. మేం చేసిందేమిటయ్యా అంటే.. మొహమ్మీద నీళ్లు చల్లాం, అరికాళ్లు రుద్దాం, ఆటో ఎక్కించాం. ఆస్పత్రిలో నలభై నిమిషాలు వంతులవారీగా ఛాతీ నొక్కారు. బయట నుంచి నేనరిచిన మాట ఇప్పటికీ గుర్తే: "పోయిన మనిషిని ఇంకెంతసేపు గుద్దుతరు? పైసల కోసమేనా?" 2003లో వచ్చిన 'ఠాగూర్' చూసి పెరిగిన బుర్ర కదా, అలాగే ఆలోచిస్తుంది మరి! పెద్దబాపు బతకలేదు.

కొన్నాళ్లకి ఈ 'గుద్దుడు' చరిత్ర చదివాను. మన ఇంజనీర్లు కాలరెగరేయాల్సిన సంగతొకటి దొరికింది. దీని వెనకున్న విలియం కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు! కరెంటు షాకు తిన్న లైన్‌మెన్‌ని బతికించడమెలా అని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రయోగాలు చేసేవాడు. 1958లో ఆయన శిష్యుడు గై నికర్‌బాకర్ ఓ కుక్క ఛాతీ మీద షాకిచ్చే పలకలు గట్టిగా ఆనించగానే, ఇంకా షాకివ్వకుండానే రక్తపోటు పెరిగింది. ఒక బగ్ కోసం వెతుకుతుంటే ఇంకోటేదో దొరికినట్టన్న మాట. అప్పటిదాకా ఆగిన గుండెని ఆడించాలంటే ఛాతీ కోసి చేత్తో పిసకడమే ఎక్కువగా నమ్ముకున్న పద్ధతి. సర్జన్ జేమ్స్ జూడ్‌తో కలిసి 1960లో వాళ్లు వేసిన వ్యాసంలో 20 మందిలో 14 మంది బతికారు. అప్పటికి మా కాకతీయ మెడికల్ కాలేజీ వయసు ఒక్క ఏడాది.

మరి ఎంతసేపు నొక్కాలి? గుండె రక్తనాళం పూడుకుపోయినవాళ్లలో ఆ పూడిక అక్కడే ఉంటుంది కాబట్టి గుండె కొట్టుకున్నట్టే కొట్టుకుని మళ్లీ ఆగొచ్చు. అమెరికా ఆస్పత్రుల్లో గుండె ఆగిన 64,339 మంది లెక్కలు 2012లో లాన్సెట్‌లో వచ్చాయి. ఎక్కువసేపు ప్రయత్నించే అలవాటున్న ఆస్పత్రుల్లో, తొందరగా ఆపేసేవాటికంటే, బతికి ఇంటికెళ్లే అవకాశం దాదాపు 12 శాతం ఎక్కువట. అంటే ఆ రోజు డాక్టర్లు చేసింది నాటకం కాదు.

2023 జనవరి 27న కుప్పంలో తారకరత్న కుప్పకూలినప్పుడు 45 నిమిషాలు శ్రమించారని బెంగళూరు ఆస్పత్రి ప్రకటించింది. గుండె తిరిగి కొట్టుకుంది. కానీ ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. అప్పటికాయనకి నలభై కూడా నిండలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, డాక్టర్లిచ్చే నలభై నిమిషాలకి విలువ రావాలంటే మొదటి అయిదు నిమిషాలు మనమివ్వాలి. రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108 అంబులెన్సు 2005 నుంచీ ఉంది, కానీ అది వచ్చేదాకా? మనిషి పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా పడిపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో, పెద్దవాళ్లకైతే అయిదారు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100-120 సార్లు నొక్కడమే. మనం రాసే కోడ్ కంటే సులువు.

నేను నేర్చుకున్నాను. ఆ డాక్టరుకి సారీ మాత్రం ఇంకా చెప్పలేదు.