ధింసా తుడుము నుంచి విశాఖ స్టేజీ దాకా



మనలో డప్పు, తుడుము బాగా వాయించే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. విశాఖలో నాటకాలకీ, స్టేజీ ప్రోగ్రాములకీ వాయించి బతకొచ్చా అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి మన చరిత్రలోనే కొంత జవాబుంది.

అరకు వైపు ధింసాకి డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు వాయిస్తారు. చైత్రంలో ఇటుకల పండగైనా, పెళ్లైనా ఆట ఊరిది, వాయించేవాడూ ఊరివాడే. టికెట్టూ లేదు, అడ్వాన్సూ లేదు.

1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు లైను పడింది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని అరకు మీదుగా విశాఖ పోర్టుకి దించి, జపాన్‌కి పంపడానికి వేసిన లైను అది. తర్వాత అదే లైను మీద టూరిస్టులు కొండెక్కారు. పండగ ఆట కాస్తా టూరిస్టు షో కూడా అయ్యింది. ఊరి వాయిద్యానికి షోకి ఇంత అని రేటు పడింది.

వాయిద్యం కొండ దిగిన ఇంకో దారి ఉద్యమాలది. శ్రీకాకుళ గిరిజన పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో ఊళ్లు తిరిగారు. 1969లో ఆయన్ని కాల్చి చంపారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. జననాట్యమండలిలో ఆడి, పాడి, 'భూమి భాగోతం' నృత్యనాటకం కట్టి, ఉత్తరాంధ్ర యాసని రాష్ట్రమంతా వినిపించారు. 2020 ఆగస్టు 4న కన్నుమూశారు.

ఇందులో మనం గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, అంత పెద్ద కళాకారుడికి కూడా ఫిట్టరు పని అవసరమైంది. రెండు, వంగపండు పాట తెలిసినవాళ్లు లక్షల్లో ఉంటారు గానీ, వెనకాల వాయించినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? డప్పు రమేష్ లాగ వాయిద్యమే ఇంటిపేరైనవాళ్లు తక్కువ.

అందుకే ఈ దారిలోకి వచ్చే తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ చెప్పేది ఒకటే. చేతిలో ఇంకో పని ఉంచుకోండి. ఒప్పుకునే ముందే షోకి ఎంత, రిహార్సల్ రోజులకి ఎంత, బస్సు ఖర్చు ఎవరిది అని మాట్లాడుకోండి. స్టేజీ మీద మీ పేరు చెప్పమని అడగండి, మొహమాటం వద్దు. మన వాయిద్యంతో పాటు ఢోలక్, తబలా కూడా నేర్చుకుంటే నాటకాలవాళ్లు మళ్లీ పిలుస్తారు. ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఆకాశవాణి ఆడిషన్ పాసైతే గ్రేడు వస్తుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18–25 ఏళ్ల యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ జానపద కళలకీ వర్తిస్తుంది. నెలకి రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు.

చివరిగా ఒక పని. మీ ఊళ్లో వాయించే పెద్దల దగ్గర కూర్చుని వాళ్లు ఏ వాయిద్యం వాయిస్తారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాసి పెట్టండి. వాళ్ల పేర్లు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.