షజరా లేని సిక్కా

దీనార్ అనే లఫ్జ్ మన ఇళ్లకు కొత్తది కాదు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి కువైట్ వెళ్లిన కొడుకులు సంపాదించేది దీనార్లలోనే. అయితే ఆ లఫ్జ్ అరబ్ రేగిస్తాన్‌లో పుట్టలేదు. రోమన్ల వెండి నాణెం పేరు ‘డెనారియస్’. అది గ్రీకుల నోట, సిరియా వాళ్ల నోట నలిగి నలిగి దీనార్ అయింది. దారిలో వెండి నుంచి బంగారానికి మారింది. దిర్హమ్ కూడా అంతే, గ్రీకుల ‘డ్రాక్మా’ నుంచి వచ్చింది. హిజ్రీ 77లో ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలు లేని ఇస్లామీ దీనార్ ముద్రించేదాకా షామ్ దేశపు బాజార్లలో నడిచిన బంగారం ఎక్కువగా రూమీ సిక్కాలు, వాటి నకళ్లే.

ఇంకో సంగతి చెబితే కొందరు నమ్మరు. ఆ డెనారియస్ కువైట్ దీనార్ కన్నా దాదాపు రెండు వేల ఏళ్ల ముందే మన జిల్లాకు వచ్చింది. కరీంనగర్ జిల్లా నస్తుల్లాపూర్‌లో 39 రోమన్ వెండి నాణేల దఫీనా దొరికింది. ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉన్న పెద్దబంకూరులో తవ్వితే వేల సంఖ్యలో శాతవాహన నాణేలు బయటపడ్డాయి. వాటి మధ్య రోమన్ సిక్కాలు కూడా ఉన్నాయి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటే దొరికినవి 1,531. ఇట్లా దొరికిన రోమన్ నాణేల మీద పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఒక పుస్తకమే రాశారు.

ఇక్కడికి ఎట్లా వచ్చాయి? క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వ్యాపారి రాసిన సముద్రయాన గ్రంథం ‘పెరిప్లస్’లో పైఠాన్, తేర్ పట్టణాల పేర్లున్నాయి. రెండూ తర్వాత నిజాం రాజ్యంలో ఉన్న ఊళ్లే. అక్కడి నుంచి సన్నబట్టలు, రంగురాళ్లు బండ్ల మీద గుజరాత్ తీరంలోని భరూచ్ రేవుకు చేరేవి. పైఠాన్ గోదావరి ఒడ్డున ఉంది, మన కోటిలింగాల కూడా గోదావరి ఒడ్డునే ఉంది. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసేచోట ఈ ఒడ్డు కరీంనగర్, ఆ ఒడ్డు పాత ఆదిలాబాద్. ఆ నది వెంబడే సరుకూ నడిచింది, సిక్కా కూడా నడిచింది. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేసుకుంటోందని రోమ్‌లో ప్లీనీ షికాయత్ చేసింది ఆ రోజుల్లోనే.

మన వ్యాపారులు అమాయకులేం కాదు. ఇక్కడ దొరికే వెండి సిక్కాల్లో ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. క్రీస్తుశకం 64లో నీరో తన నాణెంలో వెండి తగ్గించాడు. ఆ తర్వాతి వెండి సిక్కాలు దక్కన్‌లో బాగా అరుదు. చాలా నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు కనిపిస్తుంది. లోపల వెండేనా, రాగి మీద పూతా అని సర్రాఫ్ చూసిన పరీక్ష కావచ్చు. కొన్నిటికి బెజ్జం వేసి మెడలో కట్టుకున్నారు. సిక్కా కొనలేనివాళ్లకు మట్టితో చేసిన నకళ్లు కూడా ఉండేవి. అట్లాంటివి మెదక్ వైపు కొండాపూర్‌లో దొరికాయి. మన నానీ, దాదీల పుతళ్ల పేరు కూడా ఇదే ఖాందాన్‌లోది. పుతళీ అసలు రూపం ఇటలీలోని వెనిస్ నగరం ముద్రించిన బంగారు డకట్. ఆదిలాబాద్ గోండు ఆడవాళ్ల రూపాయి బిళ్లల హారాన్నీ ఆ వరసలోనే పెట్టొచ్చు.

ఇదంతా మనకు తెలిసింది సిక్కా దొరికినందుకు మాత్రమే కాదు, అది ఎక్కడ దొరికిందో ఎవరో రాసిపెట్టినందుకు. ఆ రాసిపెట్టే పనికి మన రాజ్యంలో పునాది వేసినవాడు గులాం యజ్దానీ. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి ఆయన చేతికిచ్చింది. ఢిల్లీలో పుట్టి, అరబీ, ఫార్సీ చదువుకున్న ఆ మనిషి అజంతా చిత్రాల మీద ఎంత మెహనత్ చేశాడో కొండాపూర్ దిబ్బల మీదా అంతే చేశాడు. మసీదు కత్బాలు చదివిన కళ్లతోనే బౌద్ధుల స్తూపాన్నీ చూశాడు. బాగ్-ఎ-ఆమ్‌లోని మ్యూజియంకు ఎప్పుడైనా పిల్లల్ని తీసుకుపోతే ఆయన పేరు చెప్పండి. 1959లో పద్మభూషణ్ అందుకున్న ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లో వెతికినా దొరకదు.

చోటు తెలియడం ఎంత విలువైనదో కోటిలింగాల చెబుతుంది. ఆ దిబ్బ మీద దొరికిన చిన్న రాగి, సీసపు బిళ్లలను బాజార్‌లో తూకానికి వేస్తే చాయ్ పైసలు కూడా రావు. స్థానికులు ఏరి దాచిన ఆ బిళ్లల మీది అక్షరాలను డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివారు. గోభద, సమగోప వంటి రాజుల పేర్లు వచ్చాయి. శాతవాహనుల మొదటి రాజు సిముకుడి పేరూ వచ్చింది. శాతవాహనుల మొదలు ఎక్కడ అనే బహస్‌లోకి తెలంగాణ బలంగా వచ్చింది ఈ బిళ్లలతోనే. అవే నాణేలు ఏ దలాల్ సంచిలోంచో వచ్చి ఉంటే ఆ గవాహి చెల్లేది కాదు.

ఇప్పుడు నీలామ్ సంగతికి వద్దాం. యూరప్, అమెరికా వేలం సంస్థల జాబితాలు ఈ రోజు ఫోన్‌లోనే చూడొచ్చు. టైబీరియస్ వెండి డెనారియస్ కొన్ని వందల డాలర్లకే పోతుంది. ఇంజీల్‌లో హజ్రత్ ఈసా అలైహిస్సలాం చూపించిన పన్ను నాణెం ఇదేనన్న నమ్మకంతో క్రైస్తవులు దాన్ని ఇష్టంగా కొంటారు. అదే రకం సిక్కా మన మట్టిలోంచీ వచ్చింది. వేలం జాబితాలో బరువు, అరుగుదల, బొమ్మ వివరంగా ఉంటాయి. ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది, ఏ నేలలో దొరికింది అనే వరస చాలాసార్లు ఖాళీగానో, ‘పాత యూరప్ సేకరణ’ అన్న ఒక్క ముక్కతోనో ఉంటుంది.

మన ఖాందాన్లలో నిస్బత్ మాట్లాడేముందు షజరా అడుగుతాం. ఆ ఖాళీ వరస సిక్కాకు షజరా. అది నకిలీదైతే ఏమవుతుందో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. జూలియస్ సీజర్‌ను చంపిన బ్రూటస్ ముద్రించిన బంగారు నాణెం 2020 అక్టోబర్‌లో లండన్ వేలంలో సుమారు 42 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని పాత యజమానుల కాగితాలు బనావటీవని తేలింది. న్యూయార్క్ అధికారులు ఆ సిక్కాను స్వాధీనం చేసుకుని 2023 మార్చిలో గ్రీస్‌కు అప్పగించారు. అన్ని డాలర్లు పోసినా షజరాను కొనలేకపోయారు.

మన దగ్గర జరిగేది ఇంకోలా ఉంటుంది. పాత గోడ కూల్చినప్పుడో, చెలక దున్నినప్పుడో కుండ బయటపడుతుంది. రాత్రికి రాత్రే పంచుకుంటారు, పొద్దున కంసాలి మూసలో కరుగుతుంది. లేదా ఒకడు వచ్చి లోహం ధరకు కొనుక్కుపోతాడు. నాణెంతోపాటు ఆ ఊరి తారీఖ్ కూడా పోతుంది. దీనికి పెద్ద కారణం భయం. ‘చెబితే పోలీసులు పట్టుకుపోతారు’ అంటారు. అసలు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల దఫీనా దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. దాస్తే శిక్ష ఉంది. తెలిపినవాడికి హక్కు కూడా ఉంది. సర్కారు తీసుకోదలిస్తే ఆ లోహం ఖరీదు కట్టి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఈ ఐదో వంతు మన ఫిఖ్ చదివినవాళ్లకు ఇంకో మాటను యాద్ చేస్తుంది. పూర్వకాలపు దఫీనాను ‘రికాజ్’ అంటారు. అందులో ఐదో వంతు బైతుల్ మాల్‌ది, అంటే అందరిది. ఒకచోట ఐదో వంతు సర్కారు ఇస్తుంది, ఇంకోచోట దొరికినవాడు ఇస్తాడు. భూమిలోంచి వచ్చిన ఖజానా పూర్తిగా ఒక్కడిది కాదని రెండూ ఒప్పుకున్నట్టే.

నాణేలు సేకరించే షౌఖ్ తప్పు కాదు. నిజాం ఉస్మానియా సిక్కాలు దాచుకున్న ఇళ్లు మనలో ఎన్నో. కాకపోతే 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు, అమ్మే దుకాణదారుకు లైసెన్సు ఉండాలి. కొనేవాళ్లు కీమత్ కన్నా ముందు మూడు సంగతులు అడగాలి: ఎక్కడ దొరికింది, ఎవరెవరి చేతులు మారింది, కాగితం ఏది. జవాబు లేకపోతే అది చోరీ మాలో, నకలీ మాలో అయ్యే అవకాశం ఎక్కువ. ఇంట్లో, చేనులో మీకే దొరికితే చింతపండుతో తోమకండి. ఉన్నచోట ఉన్నట్టే ఫొటో తీయండి, కుండ పెంకులు కూడా పారేయకుండా దాచండి, తహసీల్దార్‌కు చెప్పి రసీదు తీసుకోండి.

ఖురాన్‌లో దీనార్ ప్రస్తావన ఒకే ఒక్కసారి వస్తుంది, సూరా ఆలె ఇమ్రాన్‌లో. అక్కడ మాట ధనం గురించి కాదు, అమానత్ గురించి. కుప్పల ఖజానా అప్పగించినా తిరిగిచ్చేవాళ్లున్నారు, ఒక్క దీనార్ అప్పగిస్తే తలమీద నిలబడితే తప్ప ఇవ్వనివాళ్లూ ఉన్నారు అని ఆ ఆయత్ అర్థం. నస్తుల్లాపూర్ కుండను దాచినవాడు తిరిగి రాలేదు, ఆ అమానత్ మాత్రం మన చేతికి వచ్చింది. రేపు ఇంకో కుండ బయటపడితే మనం ఆ రెండు రకాల్లో ఎవరిమో అప్పుడు తేలుతుంది.