రాణి పక్కన నిలబడ్డవాళ్ళు

మా అమ్మమ్మకి గోన గన్నారెడ్డి అంటే వల్లమాలిన ఇష్టం. పెళ్ళిపీటల మీద కూర్చోబోయే పెళ్ళికొడుకుని ఎత్తుకుపోయే ఆ గజదొంగ కథని రాజోలు దగ్గర మా ఊళ్ళో, పెరటి అరుగు మీద కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తూ, నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అన్నాంబిక పక్షాన నిలబడే చెప్పేది. ఇష్టంలేని పెళ్ళి తప్పిపోవడంలోని సుఖం ఆ కథలో ఆవిడకి దొరికి ఉంటుందని చాలా ఆలస్యంగా, పిహెచ్‌.డి. పూర్తయ్యాక గానీ నాకు తట్టలేదు.

చారిత్రక ప్రేమకథల్లో నాయకుడికంటే పక్కపాత్రలే నన్ను ఎక్కువగా పట్టుకుంటాయి. అమెరికన్ వెస్టర్న్ ప్రేమ నవలల్లో నాయిక పొలం దగ్గర గుర్రాలు చూసుకునేవాడో, పక్క ఊరి షెరీఫో మొదటి పుస్తకంలో ఆమెకి అండగా నిలబడి, తర్వాతి పుస్తకంలో తానే కథానాయకుడైపోతాడు. మన గన్నారెడ్డికి అంత ఓపిక అవసరం లేకపోయింది. సింహాసనం మీద ఉన్నది రుద్రమదేవి, కథ తిరిగేదీ ఆమె చుట్టూనే, కానీ బాపిరాజు నవలకి పేరు మాత్రం అతనిది. 2015లో గుణశేఖర్ ‘రుద్రమదేవి’ సినిమా తీసినప్పుడు పేరు రాణికి తిరిగొచ్చింది. గన్నారెడ్డి వేసిన అల్లు అర్జున్‌కి ఫిల్మ్‌ఫేర్ సహాయనటుడి అవార్డు వచ్చింది. డెబ్భై ఏళ్ళకి అతన్ని పక్కపాత్ర అన్నారన్నమాట! అమ్మమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు.

నాకూ అతనంటే ఇష్టమే. తనకంటే పైనున్న స్త్రీకి విధేయుడిగా ఉండటంలో అతనికి చిన్నతనం లేదు. రాణి మీద ప్రేమ నటించడు, ఆమెని కాపాడి ప్రతిఫలంగా ఆమెనే కోరడు. 1940లలో ఒక మగ రచయిత ఇలాంటి మగవాణ్ణి ఊహించడం చిన్న విషయం కాదు. కాకపోతే ఆ విధేయతకి కత్తీ, గుర్రమూ, మారుపేరూ అన్నీ కావలసి వచ్చాయి. సాహసం లేని అండని ప్రేమకథ గుర్తుపట్టలేదు.

అందుకే చాళుక్య వీరభద్రుడి విషయంలో నవలాకారులకి చేతులాడలేదనుకుంటాను. ఆయన మా గోదావరి మనిషి, నిడదవోలు రాకుమారుడు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే ఆ వైపు నేలే. తండ్రి చేత కొడుకుగా పెరిగి, శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అనిపించుకున్న స్త్రీకి భర్త ఆయన. ముగ్గురు కూతుళ్ళు. రాజ్యం ఆమె ఏలింది, ఆయన ఏలలేదు. చరిత్రలో ఆయన గురించి దొరికేది బహు తక్కువ. రాణికి భర్తగా ఒక మగవాడు రోజూ ఎలా బతికి ఉంటాడన్నది మంచి నవలకి వస్తువు. మనవాళ్ళు పెళ్ళి దాకా తీసుకొచ్చి వదిలేశారు. మార్కో పోలో అయితే ఇంకా సుళువు చేసుకున్నాడు. మోటుపల్లి రాజ్యాన్ని రాజుగారి వితంతువు నలభై ఏళ్ళుగా పాలిస్తోందని రాశాడు. ఆ రాణి రుద్రమే అనుకుంటే, కూతురు కాస్తా వితంతువైపోయింది.

వీళ్ళందరికంటే నాకు ఇష్టమైనవాడు ఏ నవల్లోనూ నాయకుడు కాలేదు. అతని పేరు పువ్వుల ముమ్మడి. రుద్రమ సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర భృత్యుడు. 1289 నవంబరులో నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం వేయించాడు. కాకతి రుద్రమదేవీ, తన ఏలిక మల్లికార్జున నాయకుడూ శివలోకానికి పోయారనీ, వాళ్ళ పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నాననీ అందులో ఉంది. అంతే. ఆ రాయి వెలుగులోకి వచ్చేదాకా రుద్రమ 1295 దాకా ఏలిందనే చరిత్రకారులు రాస్తూ వచ్చారు. ఇద్దరూ ఒక్కసారే పోయారు కాబట్టి కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో మరణించి ఉంటారని ఇప్పుడు ఊహిస్తున్నాం. అంత మహారాణి మరణానికి తేదీ చెప్పినవాడు ఒక నౌకరు.

నౌకరు అనగానే నాకు మా దింపు తాత గుర్తొస్తాడు.

మా అమ్మమ్మ లైబ్రరీ మెట్లు ఎక్కి ఎరగదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కేవారు కారు. మరి బాపిరాజూ, నోరి నరసింహశాస్త్రీ ఆవిడ చేతికి ఎలా వచ్చారు? మా తోటలో కొబ్బరి దింపు తీసే ఆయన తెచ్చేవాడు. అమ్మమ్మ చీటీ మీద పుస్తకాల పేర్లు రాసిస్తే, రాజోలు వెళ్ళినప్పుడు లైబ్రరీలో చూపించి, వచ్చిన పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చేవాడు. చదువు రాదు. అడిగింది లేదంటే, ఉన్నవాటిలో లావుపాటి పుస్తకం ఇమ్మనేవాడట, అమ్మగారికి ఎక్కువ రోజులు వస్తుందని. తెచ్చి వీధి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. గుమ్మం దాటనిచ్చేవాళ్ళం కాదు. దేశదేశాల వీరులు లోపలి గదిలోకి వచ్చారు, వాళ్ళని మోసుకొచ్చిన దళితుడు మాత్రం అరుగు దగ్గరే ఆగిపోయాడు. అమ్మమ్మ దాన్ని తప్పు అనుకున్న దాఖలా నాకు లేదు. ఆవిడ మీద ప్రేమతో ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు.

నా సిద్ధాంత గ్రంథం కృతజ్ఞతల పేజీలో పర్యవేక్షకులున్నారు, మూడు ఊళ్ళ లైబ్రేరియన్లున్నారు, అమ్మమ్మ ఉంది. ఆయన లేడు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెదమామయ్యని అడిగాను, దింపు తాత పేరేమిటని.

“దింపులోడనే పిలిచేవాళ్ళమే అమ్మా. పేరా...” అని కాసేపు దూలాల వైపు చూసి ఊరుకున్నాడు.

అమ్మమ్మ పెట్టె అడుగున చీటీ ఒకటి దొరికింది. ఒక పక్క ఆవిడ గుండ్రటి రాతలో మూడు నవలల పేర్లు. తిప్పి చూస్తే బొగ్గుతో ఐదేసి చొప్పున నిలువు గీతలు. ఏదో ఒక రోజు దింపిన కాయల లెక్క.