చెవిలో పువ్వులు

సంగీతాన్ని కంప్యూటరులో ముద్రించి కలిపే సాఫ్టువేర్ల గురించి ఒక వింత నమ్మకం చాలాకాలంగా చలామణిలో ఉంది. ప్రో టూల్స్, క్యూబేస్, లాజిక్, సోనార్ వంటి వాటిలో ఒక్కొక్కదానికీ ఒక్కొక్క నాదగుణం ఉందట. ఒకదానిలో ధ్వని వెచ్చగా ఉంటుందట, ఒకదానిలో పొడిగా, మరొకదానిలో లోతుగా. అవే ఫైళ్ళు, అవే హెచ్చుతగ్గులు, వేరే ఏ అలంకారమూ చేర్చకున్నా సరే, కలిపే సాఫ్టువేరు మారితే పాట రూపే మారిపోతుందని గట్టిగా వాదించేవారు ఈనాటికీ ఉన్నారు. ఈ మాటలను నేను సందేహంతోనే వింటాను. అందుకు కారణం కొంత గణితం, మరికొంత చరిత్ర. ముందుగా చరిత్ర చెబుతాను, ఎందుకంటే ఈ కథ కంప్యూటర్లకంటే చాలా పాతది.

1915 ప్రాంతంలో థామస్ ఎడిసన్ కంపెనీ తన డైమండ్ డిస్క్ ఫోనోగ్రాఫును అమ్ముకోవడానికి 'టోన్ టెస్ట్' పేరిట అమెరికాలో ఊరూరా ప్రదర్శనలు పెట్టసాగింది. వేదికపై ఒక గాయని, ఆమె పక్కనే యంత్రం. ఆమె కాసేపు రికార్డుతో గొంతు కలిపి పాడేది, కాసేపు పెదవులు మూసి ఊరుకునేది. తరువాత దీపాలు ఆర్పేవారు. చీకట్లో పాట సాగుతూనే ఉండేది. మళ్ళీ వెలుగు వచ్చేసరికి గాయని అక్కడ ఉండేది కాదు, యంత్రమే పాడుతూ ఉండేది. 1916లో న్యూయార్కులోని కార్నెగీ హాలులో మేరీ రాపోల్డ్ అనే ఒపేరా గాయనితో ఇటువంటి ప్రదర్శన జరిగింది. మనిషి గొంతుకూ యంత్రం గొంతుకూ తేడా పోల్చుకోలేకపోయామని శ్రోతలు అబ్బురపడ్డారు. 1925 వరకు ఇటువంటివి వేల సంఖ్యలో జరిగాయి.

ఆనాటి రికార్డులను ఇప్పుడు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. అప్పటికి విద్యుత్తు మైకులతో రికార్డు చేయడం లేదు. గాయకులు ఒక పెద్ద బూరాలోకి పాడేవారు. మంద్రస్వరాలు గాని, సకారాల బుస గాని రికార్డులో సరిగా పడేవే కావు. మరి ఆ శ్రోతలందరూ చెవిటివారా? కారు. ఈ ప్రదర్శనలలో పాల్గొన్న అన్నా కేస్ అనే గాయని కొన్ని దశాబ్దాల తరువాత అసలు సంగతి చెప్పింది. యంత్రం ధ్వనికి సరిపోయేటట్టు తన గొంతునే తగ్గించుకొని పాడేదట! పేరుకు పరీక్షే గాని, పరీక్షించేవాడూ అమ్మేవాడూ ఒక్కడే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నిజాయితీగల పరీక్షకు పునాదులు వేసినవారు బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు. మన చెవి అన్ని స్వరాలనూ ఒకే బలంతో వినదనీ, శబ్దం తగ్గినకొద్దీ మంద్రస్వరాలు మరింతగా మరుగున పడతాయనీ ఫ్లెచర్, మన్సన్ 1933లో కొలిచి చూపారు. కనుక అదే పాటను కాస్త పెద్దగా వినిపిస్తే అది మరింత నిండుగా ఉన్నట్టు తోస్తుంది. ఇదే మన్సన్ 1950లో గార్డనర్‌తో కలిసి ఒక పరీక్షా విధానాన్ని ప్రతిపాదించాడు. రెండు ధ్వనులు వినిపించి, ఆపైన ఆ రెండింటిలో ఒకదాన్ని మళ్ళీ వినిపించి, అది మొదటిదో రెండవదో చెప్పమంటారు. ఏది మోగుతున్నదో పరీక్ష నడిపేవారికి సైతం తెలియకుండా ఈ పని చేసే పరికరాన్ని వివరిస్తూ డేవిడ్ క్లార్క్ 1982లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. దీపాలు ఎడిసన్ మనుషులు కూడా ఆర్పారు. కాకపోతే ఆ చీకట్లో ఏం జరుగుతున్నదో వారికి తెలుసు.

ఇక సాఫ్టువేర్ల సంగతికి వస్తే, చెవిని అడగకుండానే తేల్చే దారి ఒకటి ఉంది. కంప్యూటరులో ధ్వని అంటే అంకెల వరుస. సీడీలో ఒక్కో వైపుకు సెకనుకు 44,100 అంకెలు. నాలుగు వాద్యాలను కలపడమంటే ఒకే క్షణానికి చెందిన నాలుగు అంకెలను కూడటం. శబ్దం హెచ్చించడమంటే గుణించడం. కూడిక ఏ కంపెనీ చేసినా కూడికే. అవే ఫైళ్ళను రెండు సాఫ్టువేర్లలో అవే స్థాయిలలో కలిపి, ఒక ఫలితంలోని ప్రతి అంకెకూ గుర్తు మార్చి, రెండవ ఫలితంతో కూడితే సమానమైనదంతా సున్నా అయిపోతుంది. ఏమైనా మిగిలితే అదే తేడా. దీన్ని నల్ టెస్ట్ అంటారు. ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా వేసిన లెక్కలలో ఒకదానిలోంచి మరొకటి తీసివేసి చూడటం వంటిదన్నమాట.

మిగిలేది సాధారణంగా చివరి అంకెను సవరించడంలో వచ్చే దోషం మాత్రమే. 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ లెక్కకు 24 బిట్ల ఖచ్చితత్వం ఉంటుంది. అంటే దోషం అసలు ధ్వనికి సుమారు 144 డెసిబెల్ దిగువన ఉంటుంది. గదిలో 110 డెసిబెల్ హోరుతో పాట మోగించినా, ఆ దోషం మన వినికిడి గడపకు 30 డెసిబెల్ పైచిలుకు కిందనే ఉండిపోతుంది. చాలా ట్రాకులు కలిపితే అది కొంత పెరుగుతుంది, అయినా చెవిని చేరదు.

మరి తేడా విన్నామనేవారు అబద్ధమాడుతున్నారా? చాలామంది విషయంలో కాదనే నా అభిప్రాయం. వారికి తేడా నిజంగానే వినిపించి ఉండవచ్చు, కారణం మాత్రం వేరు. ఒకే ధ్వనిని ఎడమ కుడి స్పీకర్ల నడిమికి తెచ్చినప్పుడు దాని స్థాయిని ఎంత తగ్గించాలన్నది ఆయా సాఫ్టువేర్లలో ఒక్కో రకంగా అమర్చి ఉంటుంది. ఒకచోట 3 డెసిబెల్, ఒకచోట 4.5, ఒకచోట 6, మరొకచోట అసలు తగ్గింపే ఉండదు. దీన్ని పాన్ లా అంటారు. ఈ అమరికను గమనించకపోతే ఒకదానిలో గాత్రం ముందుకు వస్తుంది, మరొకదానిలో వెనక్కి పోతుంది. ఫ్లెచర్, మన్సన్‌లు చెప్పినట్టే, పెద్దగా వినిపించినది మేలైనదిగా తోస్తుంది. దానికితోడు పేరూ, ధరా, తెరమీది రంగులూ కళ్ళెదుట ఉండనే ఉన్నాయి.

అమ్మేవారికి బిట్ల సంఖ్య మంచి ఆయుధం. 64 బిట్ల మిశ్రమ ఇంజిను 2005లో సోనార్ 5తో, 2017లో క్యూబేస్ 9.5తో వచ్చింది. దీర్ఘమైన లెక్కలలో ఆ ఖచ్చితత్వం ఇంజనీరుకు మేలే చేస్తుంది. కాని చెవికి కొత్త నాదం వినిపిస్తుందనడానికి అది ఆధారం కాదు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇంకా పెద్ద తేడానే పరీక్షించారు. ఉన్నత నాణ్యతగల డిస్కుల ధ్వనిని సీడీ స్థాయికి దించి పోల్చమంటే, 554 ప్రయత్నాలలో సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది! న్యాయంగా రెండవ పక్షమూ చెప్పాలి. 2016లో జాషువా రైస్ ఇటువంటి పరీక్షలను అనేకం కలిపి విశ్లేషిస్తే, సరైన జవాబులు సుమారు 52 శాతం వచ్చాయి. తేడా ఉంటే ఉండవచ్చు, కాని అది గోరంత. ప్రకటనలలో మాత్రం కొండంత.

అన్ని సాఫ్టువేర్లూ అన్ని పనులూ ఒకేలా చేస్తాయని నేననడం లేదు. పాట వేగాన్ని సాగదీయడంలో, నమూనాల సంఖ్య మార్చడంలో, ప్రతిధ్వని చేర్చడంలో వాటి పద్ధతులు వేరు, ఫలితాలూ వేరు. నా అభ్యంతరం కూడికకు మహిమ అంటగట్టడం మీదనే. ఇంట్లో ఒక మూల గదిలో పాటలు చేసుకునే కుర్రవాడు తన గాత్రం పేలవంగా ఉండటానికి సాఫ్టువేరే కారణమనుకొని మరొకటి కొంటాడు. ఆ డబ్బుతో గది గోడల ప్రతిధ్వనిని అణచుకోవచ్చు, మంచి మైకు కొనుక్కోవచ్చు. డబ్బుకంటే పెద్ద నష్టం మరొకటుంది. తన చెవిమీద నమ్మకం పోయి, ఇతరులు చెప్పినదే వినడం అలవాటవుతుంది.

నల్ టెస్ట్‌కు పది నిమిషాలకు మించి పట్టదు, ఖర్చూ లేదు. మిత్రులలో ఈ పని తెలిసినవారు ఉంటే, పాన్ లా సరిచూసుకొని ఒకసారి చేసి చూడండి. మిగిలిన శబ్దం ఎంతో నాకు కూడా చెప్పండి.