సముద్రం అడుగున కాంపౌండరు

24 గంటల కడుపునొప్పి అంటే మన అమ్మమ్మల కాలంలో గుండెలు జారిపోయేవి. కుడివైపు పొత్తికడుపులో నొప్పి మొదలైందంటే చాలు, బండి కట్టించి పట్నం ఆస్పత్రికి చేర్చేలోపు మనిషి దక్కుతాడో లేదో అని ఇంటిల్లిపాదీ వెయ్యి దేవుళ్లకి మొక్కుకునేవారు. ఇప్పుడా భయం లేదు. "అపెండిసైటిసే కదా, తీయించేస్తే సరి" అంటాం, పన్ను పీకించుకున్నంత తేలిగ్గా. ఆస్పత్రీ, ఆపరేషన్ చేసే డాక్టరూ, మత్తిచ్చే డాక్టరూ, నర్సులూ అన్నీ అమరి ఉంటే అది తేలికే మరి.

కానీ ఆ నొప్పి సముద్రం అడుగున వస్తే? నెత్తిమీద శత్రువుల ఓడలు తిరుగుతూ ఉంటే? డాక్టరన్నవాడే లేక, ఉన్నది ఒక్క కాంపౌండరు కుర్రాడే అయితే?

నవలలో నేనిలా రాశానంటే "మరీ సినిమా ఫక్కీగా ఉందండీ" అని పాఠకులే నిష్ఠూరమాడతారు. కానీ ఇది నవల కాదు. 1942 సెప్టెంబరు 11న, రెండో ప్రపంచయుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, దక్షిణ చైనా సముద్రంలో జరిగింది. ఆ కుర్రాడి పేరు వీలర్ బ్రైసన్ లైప్స్. అమెరికావాడు. 1920లో పుట్టాడు. అంటే అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. నౌకాదళంలో అతని ఉద్యోగానికి 'ఫార్మసిస్ట్స్ మేట్' అని పేరు. మన భాషలో చెప్పాలంటే కాంపౌండరే. మాత్రలివ్వడం, గాయాలకి కట్లు కట్టడం, జ్వరం చూడడం అతని పని. జలాంతర్గామికి వచ్చేముందు ఫిలడెల్ఫియాలోని నౌకాదళ ఆస్పత్రిలో లేబరేటరీ పనీ, గుండె పరీక్ష తీసే పనీ చేశాడు. అక్కడ డాక్టర్లు అపెండిక్స్ ఆపరేషన్లు చేస్తుంటే చూశాడు. చూడడమే! కత్తి పట్టి తనుగా కోసింది ఒక్కసారీ లేదు.

అతను పనిచేస్తున్న జలాంతర్గామి పేరు 'సీడ్రాగన్'. విశాఖపట్నం బీచిలో 2002 నుంచీ మ్యూజియంగా ఉంచిన 'కుర్సురా'లోకి మీలో చాలామంది పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే ఉంటారు. ఒకరు ఎదురొస్తే ఇంకొకరు గోడకి అతుక్కుని దారివ్వాలి. తల వంచుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూరాలి. ఏ చెయ్యి చాపినా ఏదో ఒక గొట్టమో చక్రమో తగులుతుంది. సీడ్రాగన్ కూడా పొడవులో ఇంచుమించు అంతే. అందులో అరవైమందికి అటూ ఇటూగా మనుషులు, వారాల తరబడి, సూర్యుడి మొహం చూడకుండా బతకాలి. జబ్బు చేస్తే దిక్కు ఆ కాంపౌండరే. డాక్టర్ని పెట్టుకునేంత చోటూ లేదు, అంతమంది డాక్టర్లూ లేరు.

ఆ ఓడలో డారెల్ రెక్టర్ అని ఒక నావికుడు. కాన్సాస్ రాష్ట్రపు పిల్లాడు, వయసు 19. ఉన్నట్టుండి కడుపు పట్టుకుని కూలబడ్డాడు. లైప్స్ అతన్ని పడుకోబెట్టి కనిపెట్టుకుని చూశాడు. నొప్పి కుడివైపుకి దిగింది, జ్వరం పెరుగుతోంది, పొట్ట పలకలా బిగుసుకుపోయింది. ఆస్పత్రిలో ఇవే లక్షణాలు చూసి ఉన్నాడు కాబట్టి లైప్స్‌కి సందేహం లేకపోయింది. ఉబ్బిన అపెండిక్స్ లోపలే పగిలిందంటే చీము పొట్టంతా పాకుతుంది. ఇప్పుడైతే దానికి మందులున్నాయి. పెన్సిలిన్ అప్పటికింకా మామూలు ఆస్పత్రులకే అందుబాటులోకి రాలేదు. సల్ఫా మాత్రలు తప్ప ఆ ఓడలో గతి లేదు.

వెనక్కి మళ్లి వెళ్దామంటే వాళ్ల స్థావరం ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవులో, వేల మైళ్ల అవతల. చుట్టూ ఉన్నవి జపాన్ చేతికి చిక్కిన జలాలు.

ఓడ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ విలియం ఫెరల్. ఆయన లైప్స్‌ని పిలిచి నువ్వు చెయ్యగలవా అని అడిగాడు. చెయ్యగలను గానీ పరిస్థితులన్నీ మనకి ఎదురుగానే ఉన్నాయి, బతికే ఆశ తక్కువ అన్నాడు లైప్స్. రోజూ నేను టార్పెడోలు వదులుతూనే ఉంటాను, కొన్ని గురి తప్పుతూనే ఉంటాయి అన్నాడట కెప్టెన్, ధైర్యం చెప్పడానికి. నా సంగతి అలా కాదు, ఇది గురి తప్పడానికి వీల్లేనిది అన్నాడట లైప్స్. ఈ గురి మాట కాస్త గుర్తుంచుకోండి.

తరవాత రోగినే అడిగాడు. నేనెప్పుడూ ఈ పని చెయ్యలేదు అన్న సంగతి దాచకుండా చెప్పాడు. రెక్టర్ సరేనన్నాడు. పంతొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ క్షణంలో అమ్మ గుర్తొచ్చిందో, దేవుడు గుర్తొచ్చాడో! సరేనన్నాడు, అంతే.

ఇక ఆపరేషన్ ఏర్పాట్లు. ఇది చదువుతుంటే మాత్రం మన ఆడవాళ్లకి నవ్వూ వస్తుంది, ఒకింత గర్వం కూడా కలుగుతుంది. ఎందుకంటే ఆ పెద్ద యుద్ధనౌకలో ప్రాణం కాపాడడానికి అక్కరకొచ్చినవి ఫిరంగులు కావు, వంటింటి సామాన్లు!

ఆఫీసర్లు భోంచేసే బల్లే ఆపరేషన్ బల్ల అయింది. రెక్టర్‌ని పడుకోబెడితే తల ఈ చివరకి, కాళ్లు ఆ చివరకి సరిగ్గా సరిపోయాయి. కోసిన చోటు మూసుకుపోకుండా రెండు పక్కలా లాగి పట్టుకునే పరికరాలు లేవు. వంటవాడి దగ్గర పెద్ద చెంచాలు తీసుకుని కొంకీల్లా వంచారు. మత్తుమందు పీల్పించడానికి మాస్కు లేదు. టీ వడపోసుకునే జల్లెడ బోర్లించి, దానిమీద గాజుగుడ్డ కప్పి, ఆ గుడ్డమీద ఈథర్ చుక్కలు వేశారు. కత్తి బ్లేడు ఉంది గానీ దానికి పిడి లేదు. రక్తనాళాల్ని నొక్కిపట్టే చిమటాకి బ్లేడు తగిలించి పిడి చేసుకున్నారు. వేసుకునే పైజమా చొక్కాలు వెనకది ముందుకి తిప్పి తొడుక్కుంటే అవే డాక్టరు గౌన్లయ్యాయి. సల్ఫా మాత్రలు మెత్తగా నూరితే గాయంమీద చల్లే పొడి తయారైంది. పరికరాలు శుద్ధి చెయ్యడానికి స్పిరిట్ కావాలి కదా, అదెక్కడిదంటారు? టార్పెడోలు నడిచేది ఆల్కహాలుతోనే. అందులోంచే తీశారు. ఓడల్ని ముంచడానికి దాచిన ఇంధనం ఒక పిల్లాణ్ణి బతికించడానికి పనికొచ్చింది.

సహాయానికి ఆఫీసర్లే నిలబడ్డారు. నార్వెల్ వార్డ్ అనే ఆయన చెంచాలు పట్టుకున్నాడు. ఫ్రాంజ్ హాస్కిన్స్ అనే ఆయన మత్తు చూసుకున్నాడు. అసలు ఆయన పని వైర్‌లెస్ సమాచారాలు చూసుకోవడం! హోదాలో వీళ్లంతా లైప్స్‌కి పైవాళ్లు. ఆ బల్ల దగ్గర మాత్రం అతను చెప్పిందే వేదం.

అలల కుదుపు లేకుండా ఉండాలని ఓడని 120 అడుగుల లోతుకి దించి నిలకడగా నడిపారు. పెద్ద దీపం పైన వేలాడదీశారు. లైప్స్ వేసుకున్న రబ్బరు తొడుగులు అతని చేతులకంటే పెద్దవి. వేళ్ల చివర్లు వదులుగా వేలాడుతున్నాయి. ఆ చేతుల్తోనే కోశాడు.

తీరా కోసి చూస్తే, ఉండవలసిన చోట అపెండిక్స్ లేదు!

అనుభవమున్న డాక్టరుకైతే అది పేగు వెనకాల దాక్కోవడం కొత్తేమీ కాదు. లైప్స్‌కి ఇదే మొదటిది. ఒకపక్క వెతికాడు, లేదు. ఇంకోపక్క వెతికాడు. ఇరవై నిమిషాలు పట్టింది దొరకడానికి. ఆ ఇరవై నిమిషాలూ చెంచాలు పట్టుకుని నిలబడ్డవాళ్లకి ఎలా గడిచి ఉంటాయో మీరే ఊహించుకోండి. దొరికాక అతుక్కుపోయినదాన్ని మెల్లిగా విడదీసి, మొదట్లో కట్టి, కత్తిరించి, కుట్లు వేశాడు. మొత్తం రెండున్నర గంటలు. ఈథర్ వాసన ఓడంతా కమ్ముకుంది.

రెక్టర్ బతికాడు. బతకడమే కాదు, 13 రోజుల్లో మళ్లీ డ్యూటీకెక్కాడు. తీసేసిన అపెండిక్స్‌ని సీసాలో వేసి మందుల అరలో భద్రంగా దాచుకున్నారట ఓడవాళ్లు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండును. సీడ్రాగన్ స్థావరానికి తిరిగొచ్చాక ఈ సంగతి 'షికాగో డైలీ న్యూస్' విలేఖరి జార్జ్ వెల్లర్ చెవిన పడింది. ఆయన రాసిన కథనం దేశమంతా చదివింది. 1943లో ఆయనకి పులిట్జర్ బహుమతి తెచ్చిపెట్టింది. అదే ఏడు వచ్చిన 'డెస్టినేషన్ టోక్యో' సినిమాలో జలాంతర్గామిలో అపెండిక్స్ ఆపరేషన్ ఘట్టం పెట్టారు. కెప్టెన్ వేషం కేరీ గ్రాంట్‌ది. రాసినవాడికి బహుమతి వచ్చింది, సినిమాకి డబ్బొచ్చింది. మరి చేసినవాడికి?

ఏమీ రాలేదు. పైగా నౌకాదళపు పెద్ద డాక్టర్లు కొందరు మండిపడ్డారు. పట్టా లేనివాడు మనిషి పొట్ట కొయ్యడమేమిటి, అతన్ని విచారణకి నిలబెట్టాలి అన్నవాళ్లూ ఉన్నారు.

చదవగానే వాళ్లమీద కోపం వస్తుంది. కానీ ఒక్కమాట నిదానంగా ఆలోచించాలి. రెండు సూది మందులిచ్చి డాక్టరునని చెప్పుకునేవాళ్ల చేతుల్లో పడి ప్రాణంమీదకి తెచ్చుకున్నవాళ్లు మన ఊళ్లలో లేరా? "నాకు తెలుసు" అనుకునే ప్రతివాడూ కత్తి పడితే గతేమిటి? ఆ భయానికి ఆధారం కూడా ఉంది. ఆ 1942 డిసెంబరులోనే 'గ్రేబ్యాక్', 'సిల్వర్‌సైడ్స్' అనే మరి రెండు జలాంతర్గాముల్లోనూ ఇలాగే కాంపౌండర్లు అపెండిక్స్ ఆపరేషన్లు చేశారు. అదృష్టం బాగుండి ఆ రోగులూ బతికారు. ఇది ఆనవాయితీ అయితే ఏదో ఒకనాడు ఒక పిల్లాడు బల్లమీదే పోతాడు కదా! అందుకే వీలైనంతవరకు కోతకి పోకుండా మందులతో నెట్టుకురమ్మన్నారు. ఇవాళ అమెరికా జలాంతర్గాముల్లో ఉండే వైద్య సహాయకులు ఒంటరిగా నెగ్గుకురావడానికి ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు. ఇలాంటి నొప్పికి మొదట వాడేది యాంటీబయాటిక్సే.

నిబంధన మంచిదే. లైప్స్ చేసిందీ మంచిదే. మన సంసారాల్లోనూ ఇలాంటి ఇరకాటాలు ఎన్నో చూస్తుంటాం. రెండూ సరైనవే అయినప్పుడు ఒకదాన్ని నిలబెట్టడానికి రెండోదాన్ని నిందించాలని ఎక్కడుంది? "ఇంకెవరూ చెయ్యకండి, కానీ నువ్వు చేసింది గొప్ప పని నాయనా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనడానికి నౌకాదళానికి 62 ఏళ్లకు పైనే పట్టింది!

ఈలోగా లైప్స్ తన బతుకు తను బతికాడు. ఆఫీసరు హోదాకి ఎదిగి, 1962లో లెఫ్టినెంట్ కమాండరుగా విరమించుకున్నాడు. ఆ తరవాత టెక్సాస్ రాష్ట్రంలో కార్పస్ క్రిస్టీ అనే ఊళ్లో పెద్దాస్పత్రిని నడిపించాడు. ఒకప్పుడు పట్టా లేదని వేలెత్తి చూపించుకున్నవాడు పట్టాలున్న డాక్టర్లెందరో పనిచేసే ఆస్పత్రికి అధిపతి అయ్యాడన్నమాట!

2005 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని క్యాంప్ లజూన్‌లో ఆయనకి నౌకాదళ ప్రశంసా పతకం ఇచ్చారు. అప్పటికి ఆయనకి 84 ఏళ్లు, ఒంట్లో కేన్సరు. రెండు నెలలకే, ఏప్రిల్ 17న కన్నుమూశారు.

మరి రెక్టర్? ఆ పతకం చూసే భాగ్యం అతనికి లేదు. ఆపరేషన్ తరవాత అతను 'టాంగ్' అనే మరో జలాంతర్గామికి మారాడు. 1944 అక్టోబరు 25న తైవాన్ జలసంధిలో టాంగ్ ఒక టార్పెడో వదిలింది. అది గురి తప్పడమే కాదు, గుండ్రంగా వెనక్కి తిరిగొచ్చి వదిలిన ఓడనే కొట్టింది. 87 మందిలో తొమ్మిదిమంది బయటపడ్డారు. 78 మంది పోయారు. పోయినవాళ్లలో రెక్టర్ ఒకడు.

కెప్టెన్ ఫెరల్ ధైర్యం చెప్పడానికి ఆనాడన్న మాట నిజమే అయింది చూడండి. టార్పెడోలు గురి తప్పుతాయి. లైప్స్ చెయ్యి తప్పలేదు.

ఇంతా చేసి బతికించింది రెండేళ్ల చిల్లరకేనా అని ఎవరైనా పెదవి విరవవచ్చు. లెక్క చూస్తే రెండేళ్ల నెలా పద్నాలుగు రోజులు. కానీ కొడుకుని యుద్ధానికి పంపిన ఏ తల్లినైనా అడిగి చూడండి. రెండేళ్లపాటు వాడు ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉన్నాడన్న ధైర్యంతో నిద్రపోవడం, వాడు సెలవుకి వస్తాడేమోనని వీధిలోకి చూస్తూ ఉండడం ఎంతపాటి విలువైనవో ఆవిడే చెబుతుంది. వంచిన చెంచాలతో, టీ జల్లెడతో ఒక కాంపౌండరు కుర్రాడు ఆ తల్లికి ఇచ్చింది అదీ. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఆ పతకం దానికి!