విలాయతు వెళ్ళొచ్చిన వైకుంఠపాళి

ధనుర్మాసం వస్తే మన గోదావరి సీమలో రెండు పండగల సందడి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురంలో మిషను పెట్టిన దగ్గర్నుంచీ క్రిస్మస్ నక్షత్రమూ, ముక్కోటి దీపమూ ఇరుగుపొరుగు వాకిళ్ళలోనే వెలుగుతున్నాయి.

ముక్కోటి జాగారానికి తోడు వైకుంఠపాళి. గవ్వలు పడితే పుణ్యం నిచ్చెనెక్కిస్తుంది, పాపం పామై మింగుతుంది. ఈ ఆటే తెల్లవాళ్ళ వెంట ఓడెక్కి, 1890ల నాటికి ఇంగ్లండు పిల్లల చేతికెళ్ళింది. మన పాత పటాల్లో నిచ్చెనల కంటే పాములే ఎక్కువ. అక్కడ రెండిటినీ సమానం చేశారు. పోనుపోను పాపపుణ్యాల పేర్లే చెరిగిపోయాయి. ఉత్త అంకెల అట్టగా మన బజారుకే తిరిగొచ్చింది.

ఈ సెలవుల్లో వీధి పిల్లలందర్నీ ఒకే పాత పటం ముందు కూర్చోబెట్టండి. పాము నోట పడ్డవాడు "అహంకారమంటే ఏమిటమ్మా?" అని అడక్క మానడు. అంకెల అట్ట ముందు ఆ ప్రశ్నే పుట్టదు కదండీ!